స్థలానికి అడ్వాన్స్ ఇచ్చేముందు నీళ్ల గీత చూసుకోండి: తిరుపతి, చిత్తూరు చుట్టూ చెరువు, వంక, ఏరు పక్కన కట్టుబడి రూల్స్

మే నెలలో వెళ్తే తిరుపతి చుట్టూ ఏ వెంచరైనా బాగానే కనిపిస్తుంది. చదును చేసిన ఎర్రమట్టి, రంగు కొట్టిన హద్దురాళ్లు, ముందు ఒక ఆర్చి, నీడకి షామియానా, చేతిలో మజ్జిగ గ్లాసు. అప్పుడు స్వర్ణముఖి నదిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు, చెరువులో కంపచెట్లు తప్ప ఏమీ ఉండవు, వాననీళ్లు పారాల్సిన వంకేమో చెత్త పోసే గుంత. మనకి గట్టి వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో, వాయుగుండం పట్టినప్పుడు, అదీ ఒక్కసారిగా. అందుకే ఎండాకాలంలో కళ్లతో చూసి స్థలం కొంటే చాలదు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో రికార్డుల్లో ఒక గీత ఉంటుంది, ఆ గీత మీ స్థలానికి ఎంత దూరంలో ఉందో తేలాకే డబ్బులు చేతులు మారాలి.

2021 నవంబరు వరదలు ఎవరూ మర్చిపోలేదనుకుంటా. కొండమీద పడిన నీళ్లు కపిలతీర్థం వైపు, అలిపిరి వైపు దిగి ఊళ్లోకి వచ్చేశాయి. లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్, కొర్లగుంట నీళ్లలో నానాయి. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి ఇల్లు ఏట్లోకి కూలిపోయింది. రాయలచెరువు కట్టకి లీకు పడితే కింద ఊళ్లవాళ్లని ఖాళీ చేయించారు. చిత్తూరులో నీవా నది పొంగి టౌన్లోకి వచ్చింది. తిరుపతికి ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి, కొండ నీళ్లు ఏటికి చేరాలంటే మధ్యలో ఉన్న ఊరి మీదుగానే పోవాలి, వేరే దారి లేదు. పాతకాలంవాళ్లు ఆ దారిలోనే చెరువులు తవ్వి, పై చెరువు మొరవ పోతే (నిండిన చెరువులో మిగులు నీళ్లు బయటికి పారే చోటే మొరవ) కింది చెరువు నిండేలా కాలువలు తీశారు. ఇప్పుడు అవిలాల, తుమ్మలగుంట, పేరూరు చెరువుల దాకా ఇళ్లు వచ్చేశాయి, కానీ నీళ్ల దారి మారలేదు.

ముందు రూల్ చెప్తాను. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017, అంటే మున్సిపల్ శాఖ ఇచ్చిన జీవో 119, అందులో నీటి వనరుల పక్కన కట్టడాల గురించి ప్రత్యేకంగా ఉంది. నది, వాగు, నాలా గర్భంలో, చెరువు లేదా కుంట ఎఫ్‌టీఎల్ లోపల కట్టడం పూర్తిగా నిషేధం. ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండి మొరవ మీదుగా నీళ్లు పారడం మొదలయ్యే మట్టం. ఆ గీత దాటి బయటికి వచ్చాక కూడా వెంటనే కట్టకూడదు, బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. నది అయితే మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ హద్దు లోపల 50 మీటర్లు, హద్దు బయట 100 మీటర్లు. చెరువు 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకన్నా పెద్దదైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. వంక, వాగు, కాలువ, వాననీటి డ్రెయిన్ వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపు అయితే 2 మీటర్లు. ఈ రూల్స్‌కి ఎప్పటికప్పుడు సవరణలు వస్తుంటాయి కాబట్టి ప్లాన్ పెట్టే రోజున ఏది అమల్లో ఉందో తిరుపతి వైపు తుడాలో, చిత్తూరు వైపు చుడాలో (ఆ ఊళ్ల పట్టణాభివృద్ధి సంస్థలు) ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి. కానీ బేరం ఆడేటప్పుడు బుర్రలో ఉంచుకోవాల్సిన లెక్క ఇదే.

లెక్క కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది, స్థలం మీద పెడితే గుండె గుభేల్‌మంటుంది. మన దగ్గర మామూలుగా అమ్మేది 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు, సుమారు 33 అంకణాలు (మన వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు). దాని వెనక హద్దు వంక అనుకోండి. వంక వెడల్పు రికార్డులో 10 మీటర్లు దాటి ఉంటే 9 మీటర్లు, అంటే ఇరవై తొమ్మిదిన్నర అడుగులు వదలాలి. 40 అడుగుల్లో ఇంక మిగిలేది పదిన్నర అడుగులు, అందులోనే రోడ్డువైపు సెట్‌బ్యాక్ కూడా వదిలితే గోడలు లేపడానికి చోటే ఉండదు. అదే వంక వెడల్పు 10 మీటర్ల లోపు అయితే వదలాల్సింది ఆరున్నర అడుగులే. అంటే ఆ వంక తొమ్మిదిన్నర మీటర్లా పదిన్నర మీటర్లా అన్న ఒక్క విషయం మీద మీ డబ్బు మొత్తం ఆధారపడి ఉంటుంది. పెద్ద చెరువు పక్కన అయితే 30 మీటర్లంటే 98 అడుగులు, మధ్యలో రోడ్లు లెక్కవేయకపోతే 40 అడుగుల లోతు స్థలాలు రెండు వరసలు పూర్తిగా, మూడో వరసలో సగం దాకా బఫర్‌లోనే పోతాయి.

మరి వంక వెడల్పు ఎలా తెలుస్తుంది? అక్కడికెళ్లి టేపు పట్టి కొలవకండి, కొలిచినా అది రుజువు కాదు. రెండువైపులా మట్టి తోలి తోలి ఇప్పుడు నాలుగడుగుల మురిక్కాలువలా మిగిలినా, లెక్కలోకి వచ్చేది సర్వే రికార్డులో ఉన్న వెడల్పు. దానికి కావాల్సింది ఎఫ్‌ఎంబీ, సర్వే నంబరు వారీగా గీసిన కొలతల నక్షా. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో చూడొచ్చు, లేదా గ్రామ సచివాలయంలో సర్వేయర్ని, మండల సర్వేయర్ని అడిగితే కాపీ ఇస్తారు. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి ఒక లింకు ఎనిమిది అంగుళాలకి కాస్త తక్కువ. 10 మీటర్లంటే దాదాపు 50 లింకులు. నక్షాలో వంకకి రెండువైపులా ఉన్న గీతల మధ్య 50 లింకుల పైన కనిపిస్తే మీరు 9 మీటర్ల లెక్కలో ఉన్నట్టు. నక్షా మీద కొలతలు లింకులా మీటర్లా అన్నది ముందు చూసుకోండి, చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, అక్కడ కొత్త నంబరుతో పాటు పాత సర్వే నంబరు ఏదో అడిగి పాత నక్షా కూడా తీయించండి. వంక కథ పాత నక్షాలోనే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది ఆ భూమి స్వభావం. ఆర్‌ఎస్‌ఆర్, మన జిల్లాలో చాలామంది డైగ్లాట్ అంటారు, సెటిల్‌మెంట్ కాలం నాటి రిజిస్టర్. చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, కాలువ పోరంబోకు అని అందులో రాసి ఉంటే ఆ నంబరు దగ్గరికే పోవద్దు, ఎవరి చేతిలో ఏ కాగితం ఉన్నా సరే. మీ నంబరు మాత్రమే చూసి ఊరుకోకుండా చుట్టూ ఉన్న నాలుగు నంబర్లూ చూడండి. మీది పట్టా అయి, పక్క నంబరు వంక పోరంబోకు అయితే బఫర్ వచ్చిపడేది మీ మీదే. 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన సర్వే నంబర్ల జాబితా, అది కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. జాబితాలో లేదు కదా అని మాత్రం ధీమా పెట్టుకోవద్దు. చెరువు లోపల ప్రైవేటు పట్టా భూములు కూడా ఉంటాయి, నీళ్లు తగ్గాక పంట వేసుకునేవాళ్లవి. అవి 22ఏలో ఉండాలని లేదు, రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంది, కానీ ఎఫ్‌టీఎల్ లోపల కాబట్టి ఇల్లు కట్టే వీలు లేదు. పట్టా భూమే సార్, మా తాతల నాటిది అని అమ్మేవాళ్లు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. పట్టా చెప్పేది భూమి ఎవరిదో, కట్టుకోవచ్చో లేదో చెప్పేది బిల్డింగ్ రూల్స్. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్లే చాలామంది మునుగుతున్నారు. ఈసీలో (స్థలం మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే కాగితం) ఏమీ లేదనడం, సాగుభూమిని వేరే వాడకానికి మార్చిన పాత నాలా కన్వర్షన్ కాగితం, బ్యాంకువాళ్లు లోన్ ఇచ్చారనడం, ఇవేవీ ఎఫ్‌టీఎల్ గీతని చెరపలేవు.

ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తెలుసుకోవడం కాస్త ఓపిక పని. చెరువుల రికార్డు జలవనరుల శాఖ దగ్గర ఉంటుంది, చెరువు వివరాలు రాసిపెట్టిన బ్రిటిష్ కాలం నాటి మెమోయిర్లు కూడా కొన్ని చెరువులకి ఉంటాయి. నేరుగా అడిగితే ఒకరు ఇంకొకరి దగ్గరికి పొమ్మనొచ్చు, అందుకని సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగడం మేలు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు మించదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో సొంత కథ రాయొద్దు, నాలుగు ముక్కలు అడగండి: ఫలానా గ్రామంలో ఫలానా చెరువు మొత్తం విస్తీర్ణం ఎంత, ఎఫ్‌టీఎల్ మట్టం ఎంత, ఎఫ్‌టీఎల్ హద్దు చూపించే మ్యాప్ కాపీ, ఆ హద్దు లోపలికి వచ్చే సర్వే నంబర్ల జాబితా. అమ్మేవాళ్లు 30 రోజులు ఆగం అంటే ఆగొద్దనండి. ఇంకో పార్టీ రెడీగా ఉంది అన్న టెన్షన్‌కి లొంగి అడ్వాన్స్ ఇవ్వకండి.

ఆ జవాబు వచ్చేలోపు మీరే కొంత పట్టుకోవచ్చు. చెరువుకి మొరవ ఎక్కడుందో చూడండి, రాతి కట్టుబడితోనో సిమెంటుతోనో కట్టకి ఒక చివర ఉంటుంది. ఆ మొరవ పైఅంచు ఎంత ఎత్తులో ఉందో చెరువు చుట్టూ అంతే ఎత్తులో ఉన్న నేల అంతా ఎఫ్‌టీఎల్ గీత. అంటే మీ స్థలం చెరువు నడుముకి అరకిలోమీటరు దూరంలో ఉన్నా, మొరవ అంచు కన్నా పల్లంగా ఉంటే, మధ్యలో అడ్డం ఏమీ లేకపోతే, అది చెరువు లోపలే. దగ్గరి స్థలమైతే మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల పైపుతో కొంత అందాజా వస్తుంది, దూరమైతే సర్వేయర్ని ఆటో లెవెల్ మిషన్‌తో తీసుకెళ్లండి. ఒక పూట పనికి అయ్యే ఖర్చు రిజిస్ట్రేషన్ ఖర్చులో పిసరంత కూడా ఉండదు. మట్టి తోలి ఎత్తు చేశారా అన్నది కూడా గమనించాలి. తోలిన మట్టి మీద లెవెల్ తీస్తే స్థలం ఎత్తులోనే కనిపిస్తుంది, కానీ చెరువు గర్భంలో మట్టి పోసినంత మాత్రాన అది చెరువు కాకుండా పోదు.

స్థలం మీద నిలబడి చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఒక మూల నాలుగైదు అడుగుల గుంత తీయించండి, అమ్మేవాళ్లు వద్దంటే అదే ఒక జవాబు. పైన రెండడుగులు ఎర్ర గ్రావెల్, కింద నల్లగా, జిగటగా, ఎండితే పలకలుగా పగిలే ఒండ్రు వస్తే ఆ చోట ఒకప్పుడు నీళ్లు నిలిచాయన్నమాట. చుట్టుపక్కల తుంగ, జమ్ము మొలిచి ఉన్నాయా చూడండి. వెంచర్ దగ్గర మెయిన్ రోడ్డు మీద కల్వర్టు ఉందేమో వెతకండి. ఉంటే దిగి రెండువైపులా నడవండి. పై వైపు నుంచి వచ్చే నీళ్లు కల్వర్టు దాటాక ఎటు పోవాలి? కల్వర్టు మూతి పది అడుగులుండి, అవతల వెంచర్లో దానికి ఎదురుగా ఒక అడుగు సిమెంటు పైపు పెట్టి పైన రోడ్డు వేసేసి ఉంటే, రేపు వానాకాలంలో నీళ్లు ఆ రోడ్డు మీద నుంచే పారతాయి, ఆ రోడ్డు పక్కన గుమ్మం ఉన్న ఇంట్లోకి వస్తాయి.

అక్కడ పాతకాపుల్ని అడగండి. చెరువు నీళ్లు పొలాలకి వదిలే నీరుగంటి ఇంటివాళ్లు ఇంకా ఊళ్లో ఉంటే వాళ్లని మించిన సర్వేయర్ లేడు. పెద్దాయన్ని పట్టుకుని, తాతా, ఈ చెరువు నిండితే నీళ్లు ఏ చెట్టు దాకా వచ్చేవి, మొరవ పోతే ఏ దారిన పోయేవి అని అడిగితే చేయి చాపి చూపిస్తారు. స్థలం మంచిదేనా అని అడిగితే మాత్రం ఎవరూ నిజం చెప్పరు, ఊళ్లో అమ్మేవాళ్లతో గొడవ ఎందుకని. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా కనిపిస్తాయి, వానాకాలం తర్వాత తీసిన చిత్రం ఏదైనా దొరికితే నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అది రుజువు కాదు గానీ అనుమానం తీర్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

వెంచర్‌లో కొంటుంటే లేఅవుట్ ప్లాన్ అడగండి, బ్రోచర్ కాదు, తుడా లేదా చుడా ముద్ర, ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉన్న ప్లాన్. పంచాయతీ అప్రూవల్ ఉంది అంటే సరిపోదు. ప్లాన్లో వంక, కాలువ ఎక్కడ గీశారో, దాని పక్కన బఫర్ వదిలారో లేదో చూడండి. బఫర్‌ని పార్కుగా, ఖాళీ జాగాగా చూపించుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, కొన్నిచోట్ల దాన్ని రోడ్డుగా కూడా వాడుకోవచ్చు. కానీ అందులో ప్లాటు నంబర్లు పడకూడదు. అప్రూవ్ అయిన ప్లాన్లో పార్కు అని ఉన్నచోట నేల మీద ప్లాటు రాళ్లు నాటి ఉంటే అక్కడితో ఆ బేరం వదిలేయండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట, ఎంత చౌకగా ఇస్తామన్నా సరే. లేఅవుట్‌కే నది ఒడ్డు తగిలితే నది హద్దుని రెవెన్యూ, జలవనరుల శాఖలు కలిసి తేల్చిన కాగితం ఉందా అనేది కూడా అడగండి. స్వర్ణముఖి పక్కన తిరుచానూరు నుంచి శ్రీకాళహస్తి దాకా, చిత్తూరులో నీవా పక్కన ఇది చాలా ముఖ్యం. ఇసుక తోడేసిన చోట ఒడ్డు ఏటేటా కోసుకుపోతుంటుంది కాబట్టి ఈరోజు ఒడ్డు నుంచి 50 మీటర్లు అని అమ్మేవాళ్లు కొలిచి చూపించినా దానికి విలువ లేదు.

చిత్తడి నేలల రూల్స్ అని ఇంకోటి వింటుంటాం, కేంద్రం 2017లో తెచ్చింది. అవి మా చెరువుకి వర్తిస్తాయా అని అడిగేవాళ్లు ఉన్నారు. నోటిఫై చేసిన చిత్తడి నేలలో ఆక్రమణ, చెత్త పారబోయడం నిషేధం, పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడం కూడా నిషేధమే. కానీ సాగుకోసం, తాగునీటికోసం మనుషులు తవ్విన చెరువుల్ని, నదీ గర్భాల్ని, వరి పొలాల్ని ఆ రూల్స్ నుంచి మినహాయించారు. కాబట్టి మన చెరువుల్లో ఎక్కువ వాటికి కాపలా బిల్డింగ్ రూల్స్, రెవెన్యూ రికార్డులే, అక్కడే గట్టిగా పట్టుకోవాలి. సూళ్లూరుపేట, తడ వైపు కొనేవాళ్ల సంగతి వేరు. పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు భాగం, నేలపట్టు పక్షుల అభయారణ్యం 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. అక్కడ వన్యప్రాణి చట్టం, పులికాట్ చుట్టూ తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా ఉంటాయి, అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోకుండా అక్కడ ఏ రిసార్టు ప్లాటూ కొనొద్దు.

ఇప్పటికే కొనేసినవాళ్ల మాట. ముందు పైన చెప్పిన లెక్కంతా చేసుకుని మీరు ఎఫ్‌టీఎల్ లోపల ఉన్నారా, బఫర్‌లో ఉన్నారా, లేక పల్లంలో మాత్రమే ఉన్నారా తేల్చుకోండి, మూడూ ఒకటి కాదు. ఎఫ్‌టీఎల్ లోపల అయితే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధం చేసే పథకం) వచ్చినప్పుడు రెగ్యులరైజ్ చేసుకోవచ్చులే అనే ఆశ పెట్టుకోవద్దు, నీటి వనరుల్లో ఉన్న ప్లాట్లని ఆ పథకాలు తీసుకోవు. 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి చెరువు పూడ్చి కట్టుకున్నవాళ్ల గురించి తీర్పిచ్చింది. ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, ఎంత ఖర్చుపెట్టి కట్టారు అనేవి ఆక్రమణని సమర్థించడానికి కారణాలు కావని చెప్పి, అలాంటివి తొలగించడానికి ప్రణాళికలు వేయమని అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది. కట్టకముందే తెలిస్తే అమ్మినవాళ్ల మీద డబ్బు వాపసుకి లాయర్ ద్వారా నోటీసు ఇవ్వడానికి దారి ఉంటుంది, కట్టాక ఆ ఖర్చు కూడా నెత్తినపడుతుంది. బఫర్‌లో స్థలంలో కొంత భాగమే పోతే, మిగిలినదాంట్లో ఏం కట్టొచ్చో లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌తో గీయించండి. ఉత్త పల్లమే అయితే పునాది మట్టం 2021లో నీళ్లు వచ్చిన మచ్చ కన్నా పైకి లేపండి, ఆ మచ్చ పక్కిళ్ల గోడల మీద దొరుకుతుంది, దొరక్కపోతే అడిగితే మోకాలు, నడుము అని చూపిస్తారు. సంపు మూత, కరెంటు మీటరు, సెప్టిక్ ట్యాంకు మూత, మూడూ ఆ మట్టం పైనే ఉండాలి. 2021లో తిరుపతి ఎంఆర్‌పల్లె వైపు ఒక ఇంట్లో భూమిలో దించిన నీళ్ల తొట్టి సిమెంటు ఒరలే పైకి లేచి వచ్చాయి, కింద నీటి ఒత్తిడి అంత పని చేస్తుంది, సంపు ఖాళీగా ఉంటే మరీనూ. వానలు పట్టే ముందు సంపు నింపి పెట్టుకోండి.

మీ ఇంటి చుట్టూ మట్టి పోసి ఎత్తు చేసుకునేటప్పుడు వంకలోకి ఒక్క తట్ట కూడా పోనివ్వకండి. మీరు ఆపిన నీళ్లు మాయమైపోవు, కిందింటి ముసలమ్మ మంచం కిందికి చేరతాయి.

కళ్లముందే ఎవరైనా వంక పూడుస్తుంటే తర్వాత చూద్దాంలే అనుకోవద్దు, రోడ్డు వేసి రాళ్లు నాటాక ఆపడం చాలా కష్టం. ఫోన్లో తేదీ, లొకేషన్ పడేలా ఫోటోలు తీయండి, టిప్పర్లు మట్టి పోస్తున్న వీడియో ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఆ వంక సర్వే నంబరు ఎఫ్‌ఎంబీలో చూసి రాసుకోండి, నంబరు లేని ఫిర్యాదుని విచారించడానికి ఎవరూ కదలరు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి, అదే కాపీ తహసీల్దారుకి, జలవనరుల శాఖ ఇంజినీర్‌కి, తుడాకి కూడా ఇవ్వండి. ఒక్కరుగా కాకుండా ఆ కాలువ కింద ఆయకట్టు ఉన్న రైతుల్ని, పల్లపు వీధిలో ఉన్నవాళ్లని నలుగుర్ని కలుపుకుని సంతకాలు పెట్టించి ఇస్తే అర్జీకి బరువుంటుంది. రశీదు నంబరు పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లి అడగండి, విచారణకి సర్వేయర్ వచ్చేరోజు మీలో ఎవరో ఒకరు నక్షా కాపీతో అక్కడ ఉండండి.